క్రేటర్ అంచుకు నూట అరవై మీటర్ల కింద

నళిని మంచును మొదటిసారి చేత్తో ముట్టుకున్నది ముప్పై ఆరో ఏట. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషికి అది పెద్ద ఆలస్యమేమీ కాదు గాని, అప్పటికి ఆమె కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో పదకొండేళ్లుగా ఉంటోంది. నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే మంచు పడే టాహో కొండలు. ఆ నాలుగు గంటలే కుదరలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. తర్వాత కృతి పుట్టింది. ఆ తర్వాత వర్క్ పర్మిట్ వచ్చింది గాని, పదేళ్లు ఖాళీగా ఉన్న రెజ్యూమె పట్టుకుని ఉద్యోగం వెతుక్కోవడానికే ఏడాది పట్టింది. చివరికి వైద్య పరికరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ పని దొరికింది. ఆ కంపెనీవాళ్లే మొదటి చలికాలంలో టీమ్ అంతటినీ ఒక రోజు స్కీయింగ్‌కి తీసుకెళ్లారు.

ఆ రోజంతా చిన్నపిల్లలు నేర్చుకునే వాలు మీద పడుతూ లేస్తూ గడిచింది. మధ్యాహ్నం తడిసిన గ్లవ్స్ పక్కన పెట్టి కాఫీ తాగుతుంటే, ఎదుటి కొండ మీద లిఫ్టులు లేని వైపు ఇద్దరు మనుషులు కనిపించారు. స్కీలు కాళ్లకే ఉన్నాయి. కాని వాళ్లు పైకి నడుస్తున్నారు.

"వాళ్లు వెనక్కి జారిపోరా?" అని పక్కనున్న టీమ్ లీడ్‌ని అడిగింది.

స్కీల అడుగున స్కిన్స్ అని పట్టీలు అంటిస్తారనీ, వాటి నూగు ఒకవైపే వాలి ఉంటుంది కనుక స్కీ ముందుకు జరుగుతుంది గాని వెనక్కి జారదనీ అతను చెప్పాడు. కొండ మీదికి చేరాక పట్టీలు ఊడదీసి, మడమలు స్కీలకి బిగించుకుని కిందికి వచ్చేస్తారట. "లిఫ్ట్ లేదు, క్యూ లేదు. ఎక్కినవాళ్లకి ఎక్కినంత" అన్నాడు.

క్యూ లేదన్న మాట నళినికి నచ్చింది. వీసా కోసం, పర్మిట్ కోసం, గ్రీన్ కార్డ్ కోసం, ఆఫీసు నుంచి మొగుడు కారు తెచ్చేదాకా దుకాణానికి పోవడం కోసం, ఆమె ఈ దేశంలో చేసిందంతా ఎదురుచూపే.

నేర్చుకోవడానికి మూడు చలికాలాలు పట్టింది. మంచుచరియలు ఎలా విరుగుతాయో చెప్పే మూడు రోజుల కోర్సుకి వెళ్లింది. మంచులో కూరుకుపోయిన మనిషిని ఒంటికి కట్టుకున్న బీకన్ పరికరం చప్పుడుని బట్టి వెతికి తవ్వడం నేర్చుకుంది. ఎవరో వాడి వదిలేసిన స్కీలు కొని గరాజ్‌లో బియ్యం బస్తాల పక్కన నిలబెట్టింది. నేర్చుకున్నాకనైనా వెళ్లగలిగిందా అంటే, ఏడాదికి నాలుగుసార్లు, మహా అయితే ఐదు. శనివారాలు ఆమె చేతిలో ఉండేవి కావు. కృతి కూచిపూడి క్లాసు, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం, ఎవరి పాపదో బర్త్‌డే. కొండ మీద రెండడుగుల కొత్త మంచు పడిందని ఫోన్‌లో చూసుకుంటూ, పులిహోర గిన్నెతో ఎవరి గుమ్మంలోనో చెప్పులు విప్పిన శనివారాలే ఎక్కువ.

భర్త వేణుమాధవ్ ఎన్నడూ వద్దనలేదు. న్యాయంగా ఉండాలి కనుక ఆ మాట నళిని అందరికీ చెబుతుంది. కాని అతను వెళ్లమన్నప్పుడల్లా ఆ మాటకి ఒక తోక ఉండేది. "పో, మేం ఏదో ఒకటి తింటంలే" అనేవాడు. "పో గాని, నాలుగింటికల్లా వస్తవు కదా" అనేవాడు. కొండెక్కుతున్నంతసేపూ ఆ తోక ఆమె వెనకే ఈడ్చుకుంటూ వచ్చేది.

జూలైలో మంచు కావాలంటే భూమికి అవతలి సగానికి పోవాలి. చిలీలో, ఆండీస్ పర్వతాల దక్షిణ భాగంలో, స్కీల మీద ఎక్కగలిగే అగ్నిపర్వతాలు ఉన్నాయని నళిని చదివింది. అందులో లోంకిమాయ్ అనే కొండ ఫోటో చూసి ఆగిపోయింది. బోర్లించిన తెల్లటి గిన్నెలా ఉంది. రెండేళ్లు సెలవులు దాచుకుంది. ఆ కొండ కింది ఊళ్లోనే ఉండే పౌలినా అనే గైడ్‌తో ఆరు రోజులకి మాట్లాడుకుంది. అన్నీ కుదిరాక, మార్చిలో ఒక సాయంత్రం అన్నాల దగ్గర ఇంట్లో చెప్పింది.

వేణుమాధవ్ పెరుగు కలుపుకుంటూ ఆలోచించాడు. "అంత దూరం ఒక్కదానివే ఏంది?" అన్నాడు. "జూలైల అమ్మ గూడ ఈడనే ఉంటది. కృతికి హాలిడేస్. అందరం పోదాం. ఫ్యామిలీ ట్రిప్ అయితది."

వద్దని ఎలా చెప్పాలో నళిని రెండు రోజులు ఆలోచించింది. వద్దంటే తల్లిని వద్దన్నట్టు, కూతురిని వద్దన్నట్టు. చివరికి మాటలు కూర్చుకుని గదిలోకి వెళ్లేసరికి అతను లాప్‌టాప్ ఇటు తిప్పి చూపించాడు. "నాలుగు టికెట్లు బుక్ చేసిన. సర్‌ప్రైజ్." అతని మొహంలో నిజమైన సంతోషం ఉంది. కూర్చుకున్న మాటలు ఆమె బయటికి తీయలేదు. శాంటియాగో చూడాలి, సముద్రం చూడాలి, వేడినీళ్ల బుగ్గలకి పోవాలి అని అతను ప్లాన్ గీస్తుంటే, పౌలినాతో అనుకున్న ఆరు రోజులూ రెండుకి దిగాయి.

ఆ రెండు రోజులైనా తిన్నగా సాగలేదు. ఊళ్లన్నీ చూశాక, చివరి వారం విమానం మారి కొండల దగ్గరి చిన్న ఎయిర్‌పోర్ట్‌లో దిగితే నళిని స్కీలు వచ్చాయి, బూట్లున్న బ్యాగ్ రాలేదు. రేపు వస్తుందన్నారు. అక్కడ ఆ రోజూ మర్నాడూ ఆకాశం కడిగినట్టు ఉంది. వాళ్లు దిగిన చెక్క ఇంటి కిటికీలోంచి లోంకిమాయ్ మొత్తం కనిపిస్తోంది. ఊళ్లో అద్దెకి దొరికిన బూట్లలో ఆమె పాదానికి సరిపడేది ఒక్కటీ లేదు. గైడ్‌కి ఫోన్ చేసి, ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, మళ్లీ గైడ్‌కి చేసి, కిటికీ ముందు కూర్చుని ఆ కొండని చూసింది. మిగతా ముగ్గురూ వేడినీళ్ల బుగ్గలకి వెళ్లారు.

అత్తగారు బాలమణికి ఆ నీళ్లు తెగ నచ్చాయి. సిద్దిపేట వదిలి వచ్చాక మోకాళ్లు ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేవంది. "నువ్వు గూడ రారాదు నళినీ" అని పిలిచింది. "ఆ గుట్టెక్కి ఏం జేస్తవు బిడ్డా? మల్ల దిగుడేనాయె."

మూడో రోజు పొద్దున బూట్లు వచ్చాయి. మధ్యాహ్నానికి తుఫాను వచ్చింది. రెండు రోజులు కిటికీ అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. కట్టెల పొయ్యి మీద బాలమణి పప్పు వండింది. వేణుమాధవ్, కృతి పేకాడుకున్నారు. నళిని స్కిన్స్ తీసి, చూసి, మడిచి, మళ్లీ తీసింది.

"అమ్మా, చిల్ అవ్వు. ఇట్స్ జస్ట్ వెదర్" అంది పదమూడేళ్ల కృతి.

నళిని స్కిన్స్ మళ్లీ మడవడంలో పడింది. నోరు తెరిస్తే కసురుతుందని ఆమెకే తెలుసు.

తిరుగు ప్రయాణానికి ఇంకా రెండు రోజులు ఉన్నాయనగా, రేపు తెరిపి ఇస్తుందని పౌలినా కబురు పెట్టింది. ఆ సాయంత్రం వేణుమాధవ్ బయటికి వెళ్లి, అద్దె స్కీలూ బూట్లూ భుజాన వేసుకుని వచ్చాడు.

"నేను గూడ వస్తున్న" అన్నాడు. "ఇంత దూరమొచ్చి నిన్నొక్కదాన్నే పంపుడేంది? నాకే మంచిగనిపిస్తలేదు."

"వేణూ, ఇది లిఫ్ట్ ఎక్కి దిగడం కాదు. పధ్నాలుగు వందల మీటర్లు ఎక్కాలి."

"జిమ్‌కి పోతున్న కదా రోజూ. మెల్లగ ఎక్కుత."

మర్నాడు తెల్లవారుతుండగా కొండ అడుగున పౌలినా అతన్ని రెండు ప్రశ్నలు అడిగింది. ఇదివరకు స్కిన్స్ మీద నడిచావా అంటే లేదన్నాడు. అన్ని రకాల మంచులో దిగగలవా అంటే, ఎప్పుడో రెండుసార్లు లిఫ్టెక్కి దిగిన ధైర్యంతో దిగగలనన్నాడు. పౌలినా నళిని వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది మూడో ప్రశ్న. నీకు సమ్మతమేనా అని. కాదనడానికి అదే చివరి అవకాశం. అతను పక్కనే నిలబడి హెల్మెట్ పట్టీ పెట్టుకోవడం రాక నవ్వుతున్నాడు. నళిని తల ఊపింది.

కొత్త మంచు మోకాలి కింది దాకా వస్తోంది. తేలికైన, పొడి మంచు. గొడుగుల్లాంటి అరౌకేరియా చెట్లు దాటాక కొండ విచ్చుకుంది. టాహోలో ఎన్నడూ చూడనంత పెద్ద వాలు, దాని మీద ఒక్క గీత లేదు. నళిని ఊపిరి ఒక లయలో పడింది. పది నిమిషాలు ఆ లయ నిలిచింది.

"ఒక్క నిమిషం" అని కింది నుంచి కేక.

బూటు నొక్కుతోందని ఆగాడు. జాకెట్ విప్పాలని ఆగాడు. మళ్లీ వేసుకోవాలని ఆగాడు. స్కీ విప్పి మంచులో పెట్టడంతో పట్టీ జిగురుకి మంచు అంటుకుని ఊడిపోయింది. పౌలినా ఆ మంచుని తన ఒంటి వేడికి కరిగించి, పట్టీ తుడిచి, మళ్లీ అంటించేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఆగిన ప్రతిసారీ అతను నళినికి బాదం పప్పులు అందించాడు. "తిను, ఎనర్జీ వస్తది" అన్నాడు. ఆమె తీసుకుని నమిలింది. తిట్టడానికి ఒక్క కారణమైనా అతను ఇవ్వడం లేదు. మడమలు ఒరుసుకుపోయి రక్తం వస్తున్నా నోరెత్తడం లేదు. అది ఆమెకి ఇంకా కష్టంగా ఉంది.

పన్నెండు దాటాక పౌలినా వాచీ చూసింది, పడమటి మబ్బు చూసింది. ఎత్తు చెప్పే మీటరు చూసి, కొండ నెత్తిన ఉన్న క్రేటర్ అంచుకి ఇంకా నూట అరవై మీటర్లని చెప్పింది. నళినికైతే అరగంట పని. వేణుమాధవ్‌కి గంటన్నర.

"మీరిద్దరు పోండి. నేనీడ్నే కూసుంట" అన్నాడతను, మంచులో కూలబడి.

పౌలినా కుదరదంది. "వాలు మీద ఎవరినీ ఒంటరిగా వదలను. కలిసి వచ్చాం, కలిసి దిగుతాం. మబ్బు గంటలో వచ్చేస్తుంది."

నళిని పైకి చూసింది. అంచు కనిపిస్తోంది. గాలికి అక్కడి మంచు పొగలా లేస్తోంది. వంగి స్కిన్స్ ఊడదీసింది.

దిగడం అంతకన్నా కష్టమైంది. కాళ్ల కింద ఆమె జీవితంలో చూసిన అన్నిటికన్నా మంచి మంచు. యాభై మీటర్లు దిగడం, ఆగడం, వెనక్కి తిరిగి చూడడం. వేణుమాధవ్ స్కీ కొసలు దగ్గరికి పెట్టి, కొండకి అడ్డంగా జారి, పడి, లేచి, స్కీ వెతుక్కుని, మళ్లీ పడి వస్తున్నాడు. ఒకచోట పౌలినా జాలిపడి, "ఆ బండ దాకా నువ్వు ఆగకుండా వెళ్లు, అతన్ని నేను తెస్తాను" అంది. నళిని వెళ్లింది. పధ్నాలుగు మలుపులు వచ్చాయి. బండ దగ్గర ఆగి నలభై నిమిషాలు నిలబడింది. అంతే. ఆండీస్‌లో ఆమెకి దక్కింది ఆ పధ్నాలుగు మలుపులు.

ఇంటికి చేరాక వేణుమాధవ్ మడమలకి బ్యాండేజీలు వేసుకుని, పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని, తల్లికీ కూతురికీ కథ చెప్పాడు. బాగా చెప్పాడు. అతనికి మాట తీరు ఉంది. "నాన్నా, దట్స్ సో కూల్" అంది కృతి. కొండ మీద ఇద్దరూ ఉన్న ఫోటో అప్పటికే ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో పడింది. నళిని ఫోన్ తెరిచి చూసింది. వేణూ సూపర్ అని కొందరు, నలభై ఎనిమిదిలో ఈ ఫిట్‌నెస్ ఏంటి బ్రదర్ అని కొందరు, భార్య కోసం ఇంత చేసే భర్త ఎక్కడ దొరుకుతాడని సుమతి.

"రేపు పొద్దున ఒక మూడు గంటలు బాగుంటుందట" అంది నళిని. "నేను, పౌలినా వెళ్తున్నాం."

"కాళ్లు జరంత నొస్తున్నయి గాని, చూద్దాం, నేను గూడ..."

"వద్దు వేణూ. నువ్వు రావద్దు."

బాలమణి కొడుకు మొహం చూసి, కోడలి మొహం చూసి, పప్పు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. వేణుమాధవ్ సరేనన్నాడు. పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు.

మర్నాడు నళిని చీకటితోనే బయలుదేరి ఆగకుండా ఎక్కింది. పౌలినా కూడా కష్టపడి అందుకునేంత వేగంగా ఎక్కింది. కాని రాత్రంతా కొట్టిన గాలికి నిన్నటి పొడి మంచు ఎగిరిపోయి, కింది గట్టి పెంకు తేలింది. పైకి పోయేకొద్దీ అది గాజు అయింది. నిన్న ఆగినచోటికి ఇంకా వంద మీటర్లు కిందనే పౌలినా తన కర్రతో మంచును కొట్టి చూసింది. కర్ర దిగలేదు.

"ఇక్కడితో చాలు."

"ఇంకొంచెం పోయి చూద్దాం. స్కీలు విప్పి నడుస్తాను."

"ఇక్కడ జారితే ఆపేది ఏదీ లేదు, నళినీ. నిన్న మంచు బాగుంది. ఈరోజు లేదు."

నిన్న. ఆ మాట పౌలినా ఏ ఉద్దేశమూ లేకుండానే అంది. నళినికి గాగుల్స్ లోపల ఆవిరి పట్టి కొండ కనపడకుండా పోయింది. ఏడుపనుకుందాం అంటే ఏడుపు కాదు. ఎవరి మీద విసరాలో తెలియని రాయి చేతిలో పట్టుకున్నట్టు ఉంది. పెంకు మీద గరగరమని పళ్లు అదిరేలా జారుతూ పదిన్నరకి కిందికి వచ్చేసింది.

"అయిందా?" అని అడిగాడు వేణుమాధవ్, సూట్‌కేసులు సర్దుతూ.

"లేదు."

"పోనీలే. నెక్స్ట్ టైమ్."

ఆమె బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని, కుళాయి తిప్పి, నీళ్లు పోతూ ఉంటే చాలాసేపు నిలబడింది.

సన్నీవేల్‌కి తిరిగి వచ్చాక కథ అక్కడితో ముగియలేదు. ఆగస్టంతా తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులు. ప్రతి ఇంట్లో వేణుమాధవ్‌ని ఆండీస్ గురించి అడిగారు. నళినిని పిల్లని ఎవరి దగ్గర వదిలారని అడిగారు. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సేల్ పెట్టిన శనివారం గరాజ్‌లో కారుకి అడ్డంగా ఒక పొడవాటి పెట్టె ఉంది. వేణుమాధవ్ దాని పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"టూరింగ్ స్కీలు, కొండెక్కేటివి. నా సైజువి. ఈ వింటర్ ఇద్దరం కలిసి ప్రాక్టీస్ చేద్దాం. నెక్స్ట్ ఇయర్ నిన్ను ఆపేది లేదు."

నళిని పెట్టె వైపు చూసింది. ఈసారి మాటలు కూర్చుకోలేదు.

"వాపస్ ఇచ్చెయ్యి."

"ఏందీ?"

"నేను నీతో వెళ్లడానికి నేర్చుకోలేదు వేణూ. నేను నేర్చుకుందే ఒక్కదాన్నే వెళ్లడానికి."

అతనికి అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. "నాతోటి ఉంటే నీకు అంత కష్టంగున్నదా?"

"నీతో ఇల్లు ఉంది, పిల్ల ఉంది, వారానికి ఏడు రోజులున్నాయి. నాకు ఎప్పుడైనా ఒక్క రోజు, నా కోసం ఎవరూ ఎదురుచూడకుండా, నేను ఎవరి కోసమూ ఆగకుండా ఉండాలి. కాకినాడలో మా ఇంట్లో ఎనిమిది మందిమి. తర్వాత హాస్టల్. తర్వాత నువ్వు. నేను ఒక్కదాన్నే ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కొండ మీద నేను నిన్ను నలభై నిమిషాలు చూస్తూ నిలబడ్డా. నీకు మడమల్లో రక్తం. నాకు నీ మీద జాలి రావాలి. రాలేదు. కోపం వచ్చింది. అలా కోపం వచ్చినందుకు నా మీద నాకు ఇంకా కోపం వచ్చింది."

"మరి నాకు ముందే చెప్పొచ్చు కదా."

"ఇప్పుడు చెప్తున్నా."

"టికెట్లు బుక్ చేసినప్పుడు చెప్పొచ్చు కదా. గైడ్ ముంగట చెప్పొచ్చు కదా." అతని గొంతు మొదటిసారి పెరిగింది. "నువ్వు తల ఊపితే నేను వచ్చిన."

అది నిజమే. ఇద్దరూ ఆ పెట్టెకి చెరోవైపు నిలబడి ఉంటే బాలమణి లోపలి తలుపు తెరిచి, టీ చల్లారుతోందని చెప్పి, మళ్లీ వేసేసింది.

మర్నాడు అతను పెట్టెని వాపస్ ఇచ్చి వచ్చాడు. వారం రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. అక్టోబర్‌లో బాలమణి సిద్దిపేట వెళ్లిపోయింది. ఇంట్లో అందరూ చూసుకునే క్యాలెండర్‌లో నళిని చలికాలానికి ఏడు శనివారాలు ఎంచి, ప్రతి దానిలో "నళిని, కొండ" అని రాసింది. ఎవరినీ అడగలేదు. వేణుమాధవ్ ఒక్కటీ తీసేయలేదు. ఒక్కదాని గురించి మాత్రం అడిగాడు.

"జనవరి రెండో శనివారం స్రవంతి వాళ్ల గృహప్రవేశం."

"నువ్వూ కృతీ వెళ్లండి. నేను రావడం లేదని చెప్పు."

ఆ ఏడు శనివారాల్లో మొదటిది వానలో పోయింది. రెండోదానికి రోడ్డు మూసేశారు. మూడోది ఆ గృహప్రవేశం రోజు. నళిని చీకటితో బయలుదేరి, పది గంటలకల్లా చెట్లు దాటి పైకి చేరింది. ఎండ ఉంది. మంచు మరీ గొప్పదేమీ కాదు, నాలుగు రోజుల నాటిది. గట్టు మీద నిలబడి థర్మాస్ మూత తిప్పుతుంటే, సిగ్నల్ దొరికి ఫోన్ మోగింది. స్రవంతి.

"నళిని గారూ, జ్వరం ఎలా ఉందండీ? వేణు గారు చెప్పారు, లేవలేకపోతున్నారట. ప్రసాదం, భోజనం అన్నీ డబ్బాల్లో పంపిస్తున్నా."

నళిని కళ్లు మూసుకుంది. చెప్పమన్న ఒక్క మాట అతను చెప్పలేకపోయాడు. ఆమె జబ్బుపడిందని అనడమే అతనికి తేలికైంది.

"జ్వరం లేదండీ స్రవంతి గారూ" అంది. "నేను టాహోలో ఉన్నా. స్కీయింగ్‌కి వచ్చా."

"అలాగా... ఎవరెవరు వెళ్లారు?"

"ఎవరూ లేరు. నేనే."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వంటింటి బల్ల మీద స్రవంతి పంపిన డబ్బాలు ఉన్నాయి. వేణుమాధవ్ సోఫాలో ఉన్నాడు. అతనికి విషయం అప్పటికే తెలిసింది.

"నా పరువు పోయింది అందరి ముంగట" అన్నాడు.

"రాలేదని చెప్పమన్నా కదా."

"ఎందుకు రాలేదని అడుగుతరు."

"కొండెక్కడానికి పోయిందని చెప్పు."

"ఒక్కతే ఎందుకు పోయిందని అడుగుతరు."

"అడగనీ. నన్నే అడగమను."

అతను టీవీ చప్పుడు పెంచాడు, తర్వాత తనే తగ్గించాడు. లోంకిమాయ్ మీదికి నళిని ఇంతవరకు ఎక్కలేదు. సెలవులు మళ్లీ మొదటి నుంచి కూడబెడుతోంది. తడిసిన స్కిన్స్‌ని షవర్ కడ్డీ మీద ఆరేసి వచ్చి, చేతులు కడుక్కుని, డబ్బా మూత తీసింది. చక్కెర పొంగలి ఇంకా గోరువెచ్చగా ఉంది. రెండు గిన్నెల్లో వేసి, ఒకటి అతని ముందు పెట్టింది.